బుజ్జిగాడి ముక్కు నీలం

ముప్పై అయిదు గ్రాముల బరువు కూడా తూగని ఒక పక్షి మా ఇంట్లో పదమూడు నెలలు బ్రతికి, మా పొరపాటు వలన చనిపోయింది. ఆ పొరపాటు కన్న, దానిని కప్పిపుచ్చడానికి మేము చేసిన పనే మమ్మల్ని ఎక్కువ బాధించింది. ఈ సంగతిని ఇన్నాళ్ళు గడప దాటనీయలేదు. "వ్రాయండి తాతయ్యా, పక్షులు పెంచుకొనేవాళ్ళకు తెలియాలి గదా" అని మా మనుమడే అడిగాడు. అందుచేత భార్యాభర్తలము ఇద్దరము కూర్చొని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మాది కోనసీమలో కాలువ గట్టున ఒక చిన్న ఊరు. రెండెకరాల కౌలు చేను, ఒక గేదె, పెరట్లో పది కొబ్బరిచెట్లు, ఇవే మా ఆధారము. మాకు ఒక్కతే కుమార్తె. అల్లుడు 2015లో జబ్బుపడి చనిపోయాడు. వైద్యానికి చేసిన అప్పు తీర్చడానికి, మా ప్రాంతపు ఆడపిల్లలు అనేకులు వెళ్ళినట్లే మా అమ్మాయి కూడా 2016 ఆగష్టులో కువైట్‌కు ఇంటిపనికి వెళ్ళింది. ఆరేళ్ళ పిల్లవాడు మా దగ్గర ఉండిపోయాడు.

వాడు ఏడవలేదు. ఏడిస్తే ఓదార్చి ఉండేవారము. వాడు మాట తగ్గించివేశాడు. బడి నుండి వచ్చి, సంచి మూలన పడవేసి, వసారాలో స్తంభానికి ఆనుకొని కూర్చొనేవాడు. పిలిస్తే పలికేవాడు, పెడితే తినేవాడు, అంతే. ఇంట్లో పిల్లవాడు ఉన్నాడన్న సందడే ఉండేది కాదు. సండేస్కూలులో కూడా వెనుక చాప మీద కూర్చొని వచ్చేస్తున్నాడని టీచరమ్మగారు చెప్పారు. "ఏదైనా చిన్న ప్రాణిని పెంచనీయండి, దానితోనైనా మాట్లాడతాడు" అని ఆమే సలహా ఇచ్చారు.

ప్రక్కింటాయన ఈ మాట విని, చేనిగట్టున తాటిచెట్టు తొర్రలో రామచిలుక పిల్లలున్నవి, ఒకటి తీసి ఇస్తానన్నాడు. మన రామచిలుకను పట్టడము, అమ్మడము, పంజరంలో పెట్టి పెంచడము 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. పల్లెటూళ్ళలో చాలామందికి ఈ సంగతి నేటికీ తెలియదు. చట్టము సంగతి అలా ఉంచినా, తల్లి దగ్గర నుండి తీసిన పిల్లను తెచ్చి, తల్లికి దూరమైన పిల్లవాని చేతిలో పెట్టడానికి మాకు మనసొప్పలేదు. వద్దన్నాము.

ఆ సంవత్సరము డిసెంబరులో పని మీద రాజమండ్రి వెళ్ళినప్పుడు, పక్షులు అమ్మే దుకాణము దగ్గర ఆగాము. మన ఊళ్ళలో "లవ్ బర్డ్స్" అని పిలిచే చిన్న చిలుకలు అక్కడ గుంపులుగా ఉన్నవి. నిజానికి వాటి పేరు బడ్జీలు. లవ్ బర్డ్స్ అనేవి వేరే ఉన్నవి. అవి ఆఫ్రికా ఖండపువి, పొట్టి తోకవి, కొంచెము మొరటువి. బడ్జీల స్వదేశము ఆస్ట్రేలియా. అక్కడి లోపలి మెట్ట ప్రాంతాలలో నీటిని, గడ్డిగింజలను వెదకుకొంటూ ఒక్కొక్కప్పుడు వేల సంఖ్యలో గుంపుగా ఎగురుతూ ఉంటవి. 1840లో జాన్ గౌల్డ్ అనే పక్షి శాస్త్రజ్ఞుడు మొట్టమొదట వీటిని ప్రాణములతో ఇంగ్లండుకు తీసికొనివెళ్ళాడు. అటు తరువాత ఇవి పంజరాలలోనే పుట్టి పెరుగుతూ లోకమంతా వ్యాపించినవి. నీలము, తెలుపు, పసుపు రంగులన్నీ మనుష్యుల పెంపకములో వచ్చినవే. అడవిలోని బడ్జీ మాత్రము ఆకుపచ్చ ఒళ్ళు, పసుపు ముఖము, వీపున నల్లని చారలు కలిగి ఉంటుంది.

మేము అలాంటి ఆకుపచ్చ పిల్లనే తీసుకొన్నాము. జత తీసుకోమని దుకాణము అతను చెప్పాడు. డబ్బు సరిచూసుకొని ఒక్కదానినే అడిగాము. గుంపులో బ్రతికే జాతికి ఒంటరితనము మంచిది కాదని అప్పటికి మాకు తెలియదు. నుదుటి మీద నల్లని చారలు ముక్కు వరకు దిగి ఉంటే అది చిన్నపిల్ల అని, మూడు నాలుగు నెలలకు ఆ చారలు పోయి నుదురు పసుపుపచ్చగా మారుతుందని, చిన్నప్పుడు తెచ్చుకొంటేనే చేతికి అలవాటవుతుందని అతను మాకు చూపించాడు.

పంజరము ఇంటికి తెచ్చి వసారాలో పెట్టగానే పిల్లవాడు వచ్చి దాని ముందు చతికిలబడ్డాడు. చాలాసేపు చూసి, "దీని అమ్మ ఏది?" అన్నాడు. మేము తడబడి, "దుకాణములో ఉన్నది" అన్నాము. "సరే, నేను చూసుకొంటాను" అన్నాడు. వారము రోజులలో వాడు మాతో కలిపి పలికిన మాటల కన్న ఆ సాయంత్రము ఆ పక్షితో పలికినవి ఎక్కువ. బుజ్జిగాడు అని పేరు పెట్టాడు.

మొదటి పది రోజులు బుజ్జిగాడు ఒక మూలకు నక్కి ఉండేవాడు. పిల్లవాడు రోజూ బడి నుండి వచ్చి, పంజరంలో చెయ్యి పెట్టి, అరచేతిలో నాలుగు కొర్రగింజలు ఉంచి, కదలకుండా కూర్చొనేవాడు. ఆరేళ్ళ పిల్లవానికి అంత ఓపిక ఉంటుందని మేము అనుకోలేదు. పదకొండవ రోజున బుజ్జిగాడు ఒక్కొక్క అడుగే వేసి వచ్చి, వాని వేలు కొరికి చూసి, గింజ తిన్నాడు. ఆ రోజు వాడు నవ్వాడు. తల్లి వెళ్ళిన తరువాత అదే మొదటి నవ్వు.

ఇక ఆ చిన్నదాని ఆటలు ఏమని వ్రాయము! సాయంత్రము తలుపులు, కిటికీలు మూసి, ఫ్యాను ఆపి పంజరము తెరిస్తే, గదిలో రెండు చుట్లు తిరిగి వచ్చి పిల్లవాని తలమీద వాలేది. పలక మీద నడుస్తూ బలపాన్ని ముక్కుతో దొర్లించేది. సీసా మూత ఇస్తే బల్ల అంచు వరకు తోసుకొనివెళ్ళి క్రింద పడవేసి, మెడ వంచి, అది పడిన చప్పుడు వినేది. వాడు మళ్ళీ తీసి ఇవ్వాలి, అది మళ్ళీ పడవేయాలి. తలక్రిందులుగా వ్రేలాడి మువ్వను వాయించేది. తడిపిన కొత్తిమీర కట్ట పెడితే, తినడమే గాక, ఆ ఆకుల మధ్య దొర్లి స్నానము చేసేది. నిద్ర వచ్చే వేళ ఈకలు కొద్దిగా ఉబ్బించుకొని ముక్కు కొరుకుతూ గిరగిరమని చప్పుడు చేసేది. అది తృప్తిగా ఉన్నదనడానికి గుర్తు.

వీటి ముక్కు పైన, రంధ్రాలున్న చోట, మైనము వంటి మెత్తని భాగము ఉంటుంది. దానిని బట్టి మగదో ఆడదో చెప్పవచ్చును. ఎదిగిన మగదానికి అది నీలముగా ఉంటుంది. ఆడదానికి తెలుపు కలిసిన గోధుమ రంగుగా ఉండి, గ్రుడ్లు పెట్టే కాలములో ముదురు గోధుమ రంగు అవుతుంది. బుజ్జిగాడు వచ్చినప్పుడు గులాబీ రంగు ముక్కుతో వచ్చాడు. అది రోజురోజుకు ఎలా మారుతున్నదో పిల్లవాడు చూసి, లెక్కల పుస్తకము వెనుక అట్ట మీద రంగు పెన్సిళ్ళతో వేసేవాడు. 2017 ఉగాది నాటికి పూర్తిగా నీలమైంది. "మగవాడే!" అని వీధి అంతటికీ చెప్పి వచ్చాడు.

మగ బడ్జీలు మాటలు బాగా నేర్చుకొంటవి. అమెరికాలో 1994లో చనిపోయిన ఒక బడ్జీకి 1,728 మాటలు వచ్చునని గిన్నిస్ పుస్తకములో నమోదైంది. మా బుజ్జిగానికి వచ్చినవి రెండే మాటలు. ఆ రోజులలో మా ఇంట్లో ఉన్నది బటన్ ఫోను. రాత్రి ఎనిమిది గంటలకు అమ్మాయి ఫోను చేస్తే, పిల్లవాడు స్పీకరు పెట్టి పంజరము ప్రక్కన కూర్చొనేవాడు. ఆమె ప్రతిరోజూ మొదట అడిగేది ఒకటే: "తిన్నావా నాన్నా?" ఫోను పెట్టేసిన తరువాత వాడు ఆ మాటనే పక్షికి చెప్పేవాడు. దసరా సెలవులలో ఒక ఉదయము వసారాలో నుండి సన్నగా, త్వరత్వరగా, గొణిగినట్లు వినిపించింది: "తిన్నావా నాన్నా, తిన్నావా నాన్నా." పొయ్యి దగ్గర ఉన్న మేము అలాగే నిలబడిపోయాము.

2017 క్రిస్మసుకు అమ్మాయి సెలవు మీద వచ్చింది. నెల రోజులు ఉన్నది. వస్తూ వస్తూ దుప్పట్లు, సబ్బులు, అంటుకోని పూత వేసిన ఒక నాన్‌స్టిక్ పెనము తెచ్చింది. "నూనె లేకుండా దోసె వస్తుంది, నీ మోకాళ్ళకు మంచిది అమ్మా" అన్నది. జనవరి పండుగ వెళ్ళాక తిరిగి వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళిన వారానికి జరిగింది. చలిగా ఉన్నదని, పిల్లులు తిరుగుతున్నవని, పంజరాన్ని రాత్రివేళ వంటింటిలో పెట్టుకొంటున్నాము. ఆ ఉదయము పిల్లవాడు బడికి వెళ్ళాడు. దోసె వేద్దామని క్రొత్త పెనము గ్యాస్ పొయ్యి మీద పెట్టాము. ఇంతలో గేదె పలుపు త్రెంచుకొని ప్రక్క చేలో పడిందని కేక. ఇద్దరమూ పరుగెత్తాము. పొయ్యి ఎవరు వెలిగించారో, ఎవరు ఆర్పకుండా వచ్చారో ఇక్కడ వ్రాయము. ఆ పని మా ఇద్దరిదీ. అరగంట తరువాత వచ్చి చూస్తే వంటిల్లంతా సన్నని పొగ. ఖాళీ పెనము మాడుతున్నది. మాకు దగ్గు వచ్చింది. కిటికీ తెరిచి పంజరము వైపు చూశాము. బుజ్జిగాడు అడుగున పడి నోరు తెరిచి ఊపిరి కోసము కొట్టుకొంటున్నాడు. బయటకు తీసికొనివచ్చే లోపలే మా చేతిలో కదలడము మానివేశాడు.

సాయంత్రము నాలుగు గంటలకు పిల్లవాడు వస్తాడు. మాకు తోచినది అదొక్కటే. చిరిగిన చీర ముక్కలో చుట్టి గడ్డివామి వెనుక పూడ్చిపెట్టాము. మాలో ఒకరము పది గంటల బస్సుకు రాజమండ్రి వెళ్ళాము. ఒకరము ఇంట్లో ఉండి, పిల్లవాడు రాగానే, "బుజ్జిగాడికి నలతగా ఉంది, తాతయ్య డాక్టరు దగ్గరకు తీసికొనివెళ్ళారు" అన్నాము. రాత్రి ఏడు గంటలకు అదే ఆకుపచ్చ, అదే పసుపు, అవే చారలు గల పక్షి అదే పంజరంలో ఇంటికి వచ్చింది. "చూడు, నయమైపోయింది" అన్నాము.

వాడు దగ్గరకు వచ్చి చూశాడు. చాలాసేపు చూశాడు. "ఊఁ" అన్నాడు. అన్నము తిని పడుకొన్నాడు. తప్పించుకొన్నామని మేము ఊపిరి పీల్చుకొన్నాము.

మరునాడు వాడు పంజరము తెరవలేదు. ఆ తరువాత రోజు కూడా తెరవలేదు. గింజలు పెట్టి, నీళ్ళు మార్చి, స్తంభము దగ్గరకు వెళ్ళి కూర్చొనేవాడు. నాలుగవ రోజు రాత్రి తల్లి ఫోను చేసి, "తిన్నావా నాన్నా?" అని అడిగితే వాడు జవాబు చెప్పలేదు. "అమ్మా, నా మోకాలి మీద మచ్చ ఎలా పడిందో చెప్పు" అన్నాడు. ఆమె నవ్వి, "కాలువ మెట్ల మీద పడ్డావు గదరా, నేను బట్టలు ఉతుకుతుంటే" అన్నది. "ఏ కాలు?" అన్నాడు. "ఎడమకాలు" అన్నది. వాడు ఫోను మాకు ఇచ్చి లోపలకు వెళ్ళిపోయాడు.

ఎందుకలా అడిగావురా అని మెల్లగా అడిగాము. గోడవైపు తిరిగి పడుకొని చెప్పాడు: "నిజంగా అమ్మేనా అని. బుజ్జిగాడి ముక్కు నీలం. దీనిది గోధుమ రంగు. మీరు బుజ్జిగాడే అన్నారు." కొంతసేపటికి మళ్ళీ అన్నాడు: "నాన్న కూడా డాక్టరు దగ్గర ఉన్నాడని చెప్పారు."

అది నిజమే. అల్లుడు పోయినప్పుడు అయిదేళ్ళ పిల్లవానికి ఏమి చెప్పాలో తెలియక నెలరోజులు ఆ మాటే చెప్పాము. వాడు మరచిపోయాడనుకొన్నాము. పిల్లలు మరచిపోరు, అడగడము మానివేస్తారు. ఆ తేడా మాకు ఆ రాత్రి తెలిసింది. ఒక పక్షిని మార్చి ఇంకొకటి పెట్టి "అదే ఇది" అన్నవాళ్ళు, ఫోనులో ఎవరి గొంతునైనా వినిపించి "ఇదే మీ అమ్మ" అనరా? వాని ఆలోచనలో తప్పేమీ లేదు.

దీపము వెలిగించి ఇద్దరమూ వాని మంచము ప్రక్కన కూర్చొన్నాము. జరిగినదంతా జరిగినట్లు చెప్పాము. పొయ్యి ఆర్పకపోవడము మా తప్పు, అబద్ధము చెప్పడము అంతకన్న పెద్ద తప్పు, మమ్మల్ని క్షమించు అని చెప్పాము. అరవై ఏళ్ళు దాటినవాళ్ళము ఏడేళ్ళవానితో ఆ మాట చెప్పడానికి గొంతు పెగలడము కష్టమైంది. వాడు లేచి, "ఎక్కడ పెట్టారు?" అన్నాడు. టార్చిలైటు పట్టుకొని గడ్డివామి వెనుకకు వెళ్ళాము. వాడు ఆ చోట ఒక ఇటుక పెట్టాడు. అప్పుడు ఏడ్చాడు. ఆ ఏడుపు ఒక్క పక్షి కొరకు కాదని మాకు అర్థమై, ఆపడానికి ప్రయత్నించలేదు. తరువాత రెండు రోజులు మాతో మాట్లాడలేదు. ఆ రెండు రోజులు మేము పడవలసినవే అని ఊరకుండిపోయాము.

మూడవనాడు వాడే వచ్చి, "బుజ్జిగాడికి నొప్పి పుట్టిందా?" అని అడిగాడు. మాకు తెలియదు. ఈసారి తెలియదనే చెప్పాము. వానిని సైకిలు మీద ఎక్కించుకొని మండలము పశువుల ఆసుపత్రికి తీసికొనివెళ్ళాము. డాక్టరుగారు కొట్టివేయకుండా, పిల్లవానిని కుర్చీలో కూర్చోబెట్టి వివరముగా చెప్పారు. నాన్‌స్టిక్ పెనము మీది పూత మామూలు వంట వేడికి ఏమీ చేయదు. కాని ఖాళీ పెనాన్ని పెద్దమంట మీద వదిలితే కొద్ది నిమిషాలలోనే 260 డిగ్రీలు దాటిపోతుంది. అప్పుడా పూత విరిగి విషవాయువులు వెలువడతాయి. మనుష్యులకు దగ్గు, జ్వరము వచ్చి తగ్గవచ్చును గాని పక్షులు తట్టుకోలేవు. వాటి ఊపిరితిత్తులకు తోడు ఒళ్ళంతా గాలితిత్తులు ఉంటవి. ఎగరడానికి కావలసిన ప్రాణవాయువును అవి మనకన్న ఎంతో బాగా పీల్చుకొంటవి. విషమును కూడా అంత త్వరగానే పీల్చుకొంటవి. అందుకే ఇంగ్లండు బొగ్గుగనులలో విషవాయువును కనిపెట్టడానికి 1986 వరకు కానరీ పక్షులను వాడారట. "కొద్దిసేపు ఊపిరాడక బాధపడి ఉంటుంది బాబూ. కాని ఎక్కువసేపు కాదు" అన్నారాయన. వాడు తల ఊపాడు. ఎవరైనా తనకు ఉన్నది ఉన్నట్లు చెప్పినందుకు వాని ముఖము కొంచెము తేటపడింది.

తిరిగి వచ్చేటప్పుడు వంతెన దగ్గర సైకిలు ఆపమన్నాడు. "ఆ పెనం అమ్మ తెచ్చింది గదా తాతయ్యా. అమ్మకు చెప్పొద్దు. బుజ్జిగాడు ఎగిరిపోయాడని చెబుదాము" అన్నాడు. మా గుండె ఝల్లుమన్నది. ఏడేళ్ళవానికి ఆ విద్య ఎవరు నేర్పారు? మేమే. ప్రేమతోనే దాచాము. వాడూ ప్రేమతోనే దాచబోతున్నాడు.

"లేదు బాబూ, చెబుదాము. పెనము తెచ్చినది అమ్మ, ఆర్పనిది మేము. అదే చెబుదాము" అన్నాము.

ఆ రాత్రి ఫోనులో ముగ్గురమూ కలిసి చెప్పాము. అమ్మాయి చాలాసేపు పలకలేదు. లైను తెగిపోయిందనుకొన్నాము. తరువాత ఆమె ఏడుస్తూ, "అమ్మా, నేను కూడా మీకు ఒకటి దాచాను" అన్నది. పని చేస్తున్న ఇంట్లో మూడు నెలలుగా జీతము ఇవ్వడము లేదు. మాకు పంపినది తోటి ఆడవాళ్ళ దగ్గర అప్పు చేసి పంపిన డబ్బు. మేము ఆ డబ్బుతో వసారాకు స్లాబు వేయించాలని లెక్కలు వేసుకొంటున్నాము. ఆ స్లాబు మాట అంతటితో మానుకొన్నాము. చుట్టుప్రక్కల ఊళ్ళ నుండి అక్కడ ఉన్నవాళ్ళతో మాట్లాడి, ఆమె అక్కడి నుండి వేరే ఇంటికి మారడానికి రెండు నెలలు పట్టింది. ఆమె చెప్పకపోతే మాకు తెలిసేదే కాదు. మేము చెప్పకపోతే ఆమె చెప్పేదే కాదు.

రాజమండ్రి నుండి తెచ్చిన పక్షి సంగతి చెప్పాలి. పాపము దానిదేమీ తప్పు లేదు. నెలరోజులు దానికి పేరు పెట్టలేదు. "బుజ్జిగాడు కాదు, వేరేది" అని చెబుతూ చెబుతూ చివరకు దాని పేరే "వేరేది" అయిపోయింది. అది మాటలు నేర్వలేదు. ఆడవి అంతగా నేర్వవు. కాని బుజ్జిగాని కన్న గడుసుది. సీసా మూతను క్రింద పడవేయదు, తీసికొనివెళ్ళి తన నీళ్ళగిన్నెలో వేస్తుంది. వేసవిలో దానికి తోడుగా ఒక నీలిరంగు మగపిల్లను తెచ్చాము. మరుసటి సంవత్సరము పంజరములో కట్టిన మట్టిముంతలో రోజు విడిచి రోజు చొప్పున అయిదు గ్రుడ్లు పెట్టింది. పద్దెనిమిది రోజులకు మొదటి పిల్ల బయటపడింది. ఈకలు లేక, కళ్ళు తెరవక, వేలి గోరంత ఉన్న ఆ పిల్లను చూసి మనుమడు ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. అయిదు వారాలకు నాలుగు పిల్లలు ముంతలో నుండి ఎగిరి వచ్చినవి. అయిదవ గ్రుడ్డు మురిగిపోయింది. అది కూడా వాడే తల్లికి ఫోనులో చెప్పాడు. 2021లో మా అమ్మాయి అప్పు తీర్చుకొని ఇంటికి వచ్చేసరికి ఇంట్లో ఏడు పక్షులున్నవి.

మీలో ఎవరైనా పిల్లల కొరకు ఇట్టి పక్షులను తెచ్చుకోదలచితే, మేము కష్టపడి నేర్చుకొన్నవి కొన్ని చెబుతాము. ఒక్కదానిని తేకండి, జతగా తెండి. పంజరము ఎత్తు కన్న వెడల్పు ఎక్కువగా ఉండాలి. ఇవి అడ్డముగా ఎగురుతవి. ఊచల మధ్య సందు అరంగుళము మించకూడదు. వాలడానికి నున్నని ప్లాస్టిక్కు కర్రలు కాక, జామకొమ్మలు, వేపకొమ్మలు సన్నవి లావువి కలిపి కట్టండి, కాళ్ళకు మంచిది. కొర్రలు, సామలు, సజ్జలు ముఖ్యమైన ఆహారము. గింజలతోనే సరిపెట్టక పాలకూర, కొత్తిమీర, క్యారెట్టు తురుము పెట్టండి. పొలములో మందు కొట్టిన ఆకుకూర అయితే ఎంత కడిగినా పెట్టవద్దు. బజారులో సముద్రపు నురుగు అని అమ్మే తెల్లని గుల్ల ముక్క ఒకటి పంజరానికి కడితే సున్నపు సత్తువ దొరుకుతుంది. ఉప్పు, టీ, కాఫీ, చాక్లెట్టు, అవకాడో పండు తగలనీయవద్దు.

పంజరాన్ని వంటింటిలో ఎన్నడూ పెట్టవద్దు. నాన్‌స్టిక్ పెనమే కాదు, దోమలచుట్ట పొగ, అగరువత్తి పొగ, పురుగుమందుల వాసన కూడా వీటికి హాని. దోమలకు పంజరము మీద దోమతెర కప్పండి. పిల్లి, జెర్రిపోతు దూరని చోట ఉంచండి. పక్షి జబ్బును దాచుకొంటుంది. బలహీనము బయటపడితే గుంపులో బ్రతకదు గనుక చివరి వరకు బాగున్నట్లే ఉంటుంది. ఈకలు ఉబ్బించుకొని పగటిపూట నిద్రపోతున్నా, ఊపిరికి తోక పైకి క్రిందకు ఊగుతున్నా, పంజరము అడుగున కూర్చొన్నా, ఆ రోజే డాక్టరుకు చూపించండి. వాటి రెట్ట ధూళి వలన మనుష్యులకు సోకే జ్వరము ఒకటి ఉన్నది గనుక, శుభ్రము చేసేటప్పుడు తడిపి తుడిచి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి, పిల్లలచేత కడిగించాలి.

ఇవి సరిగా చూసుకొంటే ఏడెనిమిదేళ్ళు, ఒక్కొక్కప్పుడు అంతకుమించి బ్రతుకుతవి. అంటే పిల్లవాని బాల్యములోనే ఇవి పుట్టడమూ, ముసలివి కావడమూ, పోవడమూ జరిగిపోతుంది. తెచ్చే రోజునే పెద్దలు ఈ సంగతికి సిద్ధపడి ఉండాలి. పోయిన రోజున పిల్లవానికి ఏమి చెబుతారో, తెచ్చే రోజునే అనుకొని ఉండండి.

వేరేది 2024 వానాకాలము వరకు బ్రతికింది. చివరి సంవత్సరము ఎగరలేక, మనుమడు కట్టిన చిన్న నిచ్చెన ఎక్కి దిగేది. ఒక ఆదివారము మేము ఆరాధన ముగించుకొని వచ్చేసరికి, జ్వరముగా ఉండి ఇంటి దగ్గర ఆగిపోయిన మనుమడు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. పధ్నాలుగేళ్ళవాడు, మాకన్న ఎత్తు. మా చేతిలోని గొడుగులు తీసుకొని, ముందు కూర్చోమన్నాడు.

"అమ్మమ్మా, తాతయ్యా, వేరేది చనిపోయింది. పొద్దున్న గింజలు పెట్టినప్పుడు బాగానే ఉంది. పదింటికి చూస్తే లేదు" అన్నాడు. "పూడ్చలేదు. మీరు చూడాలి గదా అని అలాగే ఉంచాను."

లోపలకు వెళ్ళి చూశాము. మెత్తని గుడ్డ మీద పడుకోబెట్టి ఉంచాడు. ముక్కు ముదురు గోధుమ రంగుగా ఉన్నది.